పాట మధ్యలో సలాం

మెక్సికోలోని సినలోవా దారిలో ఆగిన బ్యాండు బస్సులో, అకార్డియన్ వాయించేవాడి చేతికి గాయకుడు తువ్వాలు చుడుతున్నాడు.

“కదలకు బావా! ఎముక బయటికొచ్చేసింది.”

“పాట మధ్యలో ‘కోడిపుంజు దొరకి సలాం’ అని ఎందుకు అరిచావురా? ఈ ఊరి మత్తుమందుల ముఠా దొరకి వాడు బద్ధశత్రువు కదా!”

“నిన్నటి ఊళ్లో ఆ కోడిపుంజు మనుషులు అలా అరవకపోతే కాల్చేస్తామన్నారు. ఇవాళా అదే నోట్లోంచి ఊడిపడింది.”

“నోరు నీది, సుత్తి దెబ్బలు నా వేళ్లకి! నిన్నెందుకు వదిలారు?”

“సాయంత్రం ఈ ఊరి దొర కూతురి పదిహేనో పుట్టినరోజు పండగలో నేను పాడాలంట.”

“పాడనంటే?”

“నీ రెండో చెయ్యి కూడా చితక్కొడతారంట.”

“ఒంటిచేత్తో అకార్డియన్ ఎవడు వాయిస్తాడ్రా? కొట్టుకోమను. నువ్వు మాత్రం పాడకు.”