తట్టి చూసిన ముల్లు

1912. ఇంగ్లండు ఉత్తర తీరం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే బయటపడే ఇసుకదారి మధ్యలో ఒక మోటారుకారు ఆగిపోయింది. అందులో కార్ల కంపెనీ ఇంజనీరు, డ్రైవరు ఉన్నారు. పోటు మొదలైంది.

“కర్ర ముంచి చూశాను సార్. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు.”

“పెట్రోలు మీటరు ముల్లు సగం దగ్గరుంది కదయ్యా!”

“అది నమ్మే కదా వచ్చాం. ముందూ వెనకా దారి మునిగిపోయింది. ఇక ఇలా చిక్కుకున్నవాళ్ళ కోసం గుంజల మీద కట్టిన ఆ గూడెక్కి, నీళ్ళు తగ్గేదాకా కూర్చోవడమే.”

“మూడు రకాల మీటర్లు పరీక్షించి దీన్ని ఖాయం చేసింది నేనేనయ్యా. ఒక్కసారి కూడా తప్పు చూపించలేదే!”

“ఎలా చూసేవారు?”

“ఎలా ఏముంది, అద్దం మీద వేలితో తట్టి చూసేవాణ్ణి. వానొస్తుందా అని రోజూ పొద్దున్నే ఇంట్లో బారోమీటరుని తడతాం కదా, అదే అలవాటు.”

“ఇవాళ బయల్దేరేటప్పుడు చూసింది నేను. తట్టలేదు సార్.”

“ఇప్పుడు తట్టు.”

“అమ్మో! సున్నాకి పడిపోయింది!”

“ఇరుక్కున్న ముల్లుని ప్రతిసారీ నేనే విడిపించానన్నమాట. ఇదే మీటరు పెట్టి నిన్ననే నలభై కార్లు పంపేశాం... పోనీలే, కొన్నవాళ్ళందరి ఇళ్ళలోనూ బారోమీటర్లుంటాయి. తట్టే చూస్తారు.”

“వాళ్ళు తడతారు సార్. కానీ బండి తోలేది మాలాంటివాళ్ళు కదా. మా ఇళ్ళలో బారోమీటర్లు ఎక్కడివి?”