సౌండు మామయ్య మొదటి మిక్సర్

సౌండు మామయ్య టీ గ్లాసు పక్కన పెట్టి అరచేతులు రుద్దుకున్నాడంటే చాలు, బల్ల మీదున్నవాళ్లంతా సర్దుకుని కూర్చునేవారు. గొప్పల కోత ఒకటి కోయబోతున్నాడని అర్థం.

టీ కొట్టు ఆయన భార్యది. వీధి మొత్తానికీ ఆమె అత్తయ్య. పాతికేళ్లుగా పొయ్యి దగ్గర నిలబడి ఆ కోతలన్నీ వింటోంది. వింటూనే అల్లం, యాలకులు పాత మిక్సీలో వేసి గర్రుమనిపించేది. ఏ రోజూ మొగుడి మాటకి అడ్డం వెళ్లలేదు.

ఆ సాయంత్రం మాత్రం ఆమె మిక్సీ జోలికి పోకుండా చెవి ఇటే పెట్టింది. మందుల షాపులో పనిచేసే మేనకోడలు వచ్చి కూర్చుంది. ఏడాదిపాటు సెలవన్నది లేకుండా డ్యూటీలు చేసి కూడబెట్టుకుంది, డీజే సామాను కొనుక్కుందామని. వచ్చే శనివారం స్నేహితురాలి పుట్టినరోజుకి మొదటి ప్రోగ్రాం. ఫోన్‌లో పాటలు కలిపే మిక్సర్ల బొమ్మలు రెండు పట్టుకొచ్చింది. ఒకటి పలకంత, రెండు చానెళ్లది. రెండు పాటలు కలపడానికి సరిపోతుంది. రెండోది మంచమంత, పక్కన నిలువెత్తు స్పీకర్లు.

"మామయ్యా, ఒకప్పుడు పాటల ప్రోగ్రాములు చేసినవాడివి కదా, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఏది మంచిది? నువ్వు చెప్తే ఇప్పుడే ఆర్డర్ నొక్కేస్తా."

మామయ్య అరచేతులు రుద్దుకున్నాడు.

"నా మొదటి మిక్సర్ ఎలా కొన్నానో చెప్తా విను, నీ జవాబు అందులోనే ఉంది. పెద్ద బజార్లో కరెంటు సామాన్ల కొట్టు. వెళ్లా. నలభై మిక్సర్లు వరసగా పెట్టారు. అందరూ ఏం చేస్తారు, ధర అడుగుతారు. నేనేం చేశానో తెలుసా? కళ్లు మూసుకున్నా. ఒక్కో నాబ్ మీద వేలు పెట్టుకుంటూ పోయా. ముప్పయ్యేడో దాని దగ్గర వేలు జివ్వుమంది. ఇదీ, అన్నా. ఓనరు లేచి నిలబడిపోయాడు. 'బాబూ, ఇది అమ్మకానికి కాదు, దీన్ని గుర్తుపట్టేవాడి కోసం దాచా' అన్నాడు."

"ఆ కొట్లో నలభై ఎక్కడ పడతాయి?" అన్నాడు పక్క షాపు టైలరు. "నలుగురు నిలబడితే ఐదోవాడు రోడ్డు మీదే."

"అప్పుడు పెద్దదే బాబూ. ఎందుకు ఇరుకైందో అదేగా చెప్పబోతున్నా! బేసు నాబ్ రవ్వంత తిప్పా. అంతే, ముందు గోడ రెండడుగులు లోపలికి జరిగింది. కొట్టు ఇరుకైంది, వీధి వెడల్పైంది. ఆ రోడ్డు వెడల్పు చెయ్యాలని పదేళ్లుగా కొలతలు తీసుకుంటున్న ఆఫీసువాళ్లు టేపు పారేసి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకాస్త తిప్పా. బస్టాండులో ఆగున్న బస్సులు, లోపల డ్రైవరు లేడు, పాట తాళానికి ముందుకీ వెనక్కీ ఊగడం మొదలెట్టాయి. కండక్టర్లు పరిగెత్తుకొచ్చి, 'అన్నా, నెమ్మది పాట వెయ్యి, మాకు టైమైపోతోంది' అని ఒకటే గోల."

"ఆ రోజుల్లో ఆ వీధిలో ఉత్తరాలు పంచింది నేనే," అన్నాడు రిటైరైన పోస్ట్‌మ్యాన్ తాత. "నాకేం వినబడలేదే!"

"నువ్వొచ్చేసరికి సౌండు నిన్ను దాటి వెళ్లిపోయింది తాతా. మూడు వీధుల అవతల ఓ పెద్దాయన ఉండేవాడు, ఇరవయ్యేళ్లుగా చెవుడు. మంచం మీంచి లేచి కూర్చున్నాడు! ఇంటిల్లిపాదీ ఏడుస్తూ చుట్టూ చేరారు. ఇరవయ్యేళ్ల తర్వాత ఆయన చెవిన పడింది నా పాట. ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? 'ఎవడా సన్నాసి, ఆపమనండి' అని. అదమ్మా మిక్సరంటే! చిన్నది కొంటే చిన్నగానే ఉండిపోతాం. పెద్దది నొక్కు."

పిల్ల బొటనవేలు మంచమంత దాని మీదికి వెళ్లింది. పిల్ల ఉండే గదిలో మంచం వేస్తేనే తలుపు తెరుచుకోదు. అత్తయ్య స్టవ్ ఆపేసింది.

"ఆగవే. ఏవండీ, ఆ మిక్సర్ ఇంకా ఉందిగా, పిల్లకి చూపించనా?"

మామయ్య మొహం మాడిపోయింది. "అదా... అదెప్పుడో ఎవరికో ఇచ్చేశా."

"నాకే ఇచ్చారు," అంటూ ఆమె ప్లగ్గు పీకి, పాత మిక్సీని తెచ్చి బల్ల మీద పెట్టింది. మూతకి అల్లం పీచు అంటుకునే ఉంది. "కొత్త కదా, మిక్సర్ కొనడానికి వెళ్లి మిక్సీ అని అడిగారు మీ మామయ్య. 'రెండు చానెళ్లుంటాయా?' అంటే, 'రెండేంటి సార్, మూడు జార్లు' అన్నాడట కొట్టతను. 'సౌండు బాగుంటుందా?' అంటే, 'వీధి చివరిదాకా వినబడుతుంది' అన్నాడట. ఈయన పెట్టె విప్పకుండా మోసుకొచ్చేశారు."

టైలరు బల్ల మీంచి జారాడు. తాతకి టీ ముక్కులోంచి వచ్చింది. మామయ్య మాత్రం భార్య వంకే చూస్తున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మర్నాడే. కొట్టతను టీకి వచ్చి, 'మీ ఆయన పాటలు రుబ్బుతారామ్మా?' అని అడిగాడు."

"మరి మార్చుకోలేదేం మామయ్యా?"

అత్తయ్యకి ఆ రోజు కళ్లముందు కదిలింది. అప్పట్లో అల్లం రోట్లో దంచి దంచి ఆమె అరచేతులు బొబ్బలెక్కేవి. పెట్టెలోంచి జార్లు బయటపడగానే, "నాకేనా?" అని చప్పట్లు కొట్టింది. ఆయన ఓ క్షణం జార్ల వంక చూసి, "నీక్కాక ఇంకెవరికే" అన్నాడు. మళ్లీ మిక్సర్ కొనే వీలు ఆయనకి రానేలేదు. అందుకే ఇన్నేళ్లూ ఆ కోతలకి అడ్డు చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"నేను సంబరపడ్డానని మార్చలేదే," అంది, కళ్లు తుడుచుకుంటూ. "మిక్సర్ లేకుండానే పదకొండేళ్లు ప్రోగ్రాములు చేశారు. అడిగి తెచ్చుకున్న టేపురికార్డర్లు రెండు పక్కపక్కన పెట్టుకుని, ఓ చేత్తో ఒకదాన్ని తగ్గిస్తూ, రెండో చేత్తో ఇంకోదాన్ని పెంచుతూ. పాటకీ పాటకీ మధ్య అతుకు ఒక్కడూ పట్టుకోలేకపోయాడు. ఆ సంగతి మాత్రం ఎవ్వరికీ చెప్పరు."

పిల్ల ఫోను కింద పెట్టేసింది. "అది చెప్పు మామయ్యా. రెండు చేతులతో ఎలా కలిపేవాడివి?"

సౌండు మామయ్య గొంతు ఎప్పుడూ లేనంత తగ్గింది. "చిన్నదే కొనుక్కో తల్లీ. రెండు చానెళ్లు చాలు. మిగిలింది మంచి హెడ్‌ఫోన్‌కి పెట్టు. ఒక చెవిలో రాబోయే పాట, రెండో చెవి జనం వింటున్న పాటకి. ముందు వినడం రావాలి. చెయ్యి దానంతటదే తిరుగుతుంది. కావాలంటే ఫోన్‌లో కాకుండా కొట్టులోనే కొందాం, రేపు నేనూ వస్తా."

"వద్దులే, నువ్వొస్తే మూడు జార్లిస్తారు," అంటూ పిల్ల చిన్నదాని మీద నొక్కేసింది.

మామయ్య కూడా నవ్వాడు. రెండు ఖాళీ గ్లాసులు ముందుకి లాక్కుని, టేపురికార్డర్ల నాబ్‌లు తిప్పినట్టు తిప్పి చూపించాడు. ఎడమది తగ్గుతూ, కుడిది పెరుగుతూ. పిల్ల కళ్లార్పకుండా చూస్తోంది. ఆ వేళ్లు ఎంత మెల్లగా కదిలేవో అత్తయ్యకి గుర్తే. పెళ్లైన కొత్తలో తనూ అలాగే కళ్లప్పగించి చూసేది.

"పదకొండేళ్లలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి కరెంటు పోయిందమ్మా," అన్నాడు మామయ్య. "అయినా పాట ఆగలేదు. ఎందుకో తెలుసా? నా చేతుల వేడికి క్యాసెట్లు వాటంతటవే తిరుగుతున్నాయి! ఆ తర్వాత ఎదురింట్లో బల్బు..."

అత్తయ్య ప్లగ్గు పెట్టి, మిక్సీని మూడో నంబరుకి తిప్పింది.