గుడ్డ ఎవరు తీశారు

పొద్దున్న పదిన్నర. ఇంటి ముందుగదే ఆఫీసు: ఒక బల్ల, ఒక ఫోను, గోడకి బావ పేరున ఉన్న లైసెన్సు. బల్ల దగ్గర అక్క, గుమ్మంలో సంచీ పడేసి రొప్పుతూ తమ్ముడు.

"నంబరు చెప్పక్కా, ముందు నంబరు చెప్పు!"

"ఏ నంబరురా? చెప్పులు విప్పి లోపలికి రా. ఇప్పుడే తుడిచాను."

"నిన్న గ్యాస్ హీటరు బిగించిన ఇల్లు. నీలం గేటు. పసిపిల్ల ఉన్న ఇల్లు. వాళ్ల ఫోన్ నంబరు నీ పుస్తకంలోనే ఉంది కదా?"

"ఉంది. ఏం, వాళ్లేమైనా అన్నారా? పర్మిట్ కాగితం అడిగారా?"

"ఏమీ అడగలేదు. నీకు దణ్ణం పెడతాను, నంబరు చెప్పు."

"ఎందుకో చెప్పి ఏడువు."

"గుడ్డ కనపడట్లేదు."

"గుడ్డ... ఏ గుడ్డ?"

"పొగగొట్టంలో కుక్కే గుడ్డ. ఇవాళ ఇంకో ఇంట్లో పని మొదలుపెడదామని సంచీ విప్పాను. లేదు. మొత్తం నేలమీద బోర్లించాను. లేదక్కా."

"ఓస్, గుడ్డేగా! నా పాత చీర చింపి ఇంకోటి ఇస్తాను. దానికోసం పనొదిలేసి పరిగెత్తుకొచ్చావా?"

"సంచీలో లేదంటే గొట్టంలో ఉన్నట్టు!"

"ఛ, ఛ. తీసే ఉంటావులే. పన్నెండేళ్లుగా చేస్తున్న పని. ఎక్కడో జారిపోయి ఉంటుంది."

"నేనెప్పుడు తీశాను? పన్నెండేళ్లలో ఒక్కసారైనా నా చేత్తో తీయలేదు. బావ నేర్పిందే అంత. పని జరిగినంతసేపూ దుమ్ము పడకుండా గొట్టంలో గుడ్డ కుక్కాలి. పనయ్యాక కూడా మనం ముట్టుకోకూడదు. ఇన్‌స్పెక్టరు వచ్చి, ఆయనే లాగి, గొట్టంలోంచి ఆకాశం కనపడుతోందో లేదో చూసి, అప్పుడు సంతకం పెట్టాలి. మనం తీసేస్తే ఆయన పైకెక్కకుండానే సంతకం గీకి పోతాడని బావ భయం. ప్రతి ఇంటికీ ఇదే పద్ధతి."

"మరి నిన్న..."

"నిన్న ఇన్‌స్పెక్టరు ఎక్కణ్ణించి వస్తాడు? మనం అసలు పర్మిటే తీసుకోలేదు కదా!"

"మనం మనం అనకు."

"సరే, నువ్వే అన్నావు. ఒక్క ఇంటికి పర్మిట్ లేకపోతే కొంపలేం మునగవు అన్నావు."

"సరదాకి అన్నానా? ఈ నెల నుంచి లైసెన్సు ఉన్న మనిషే వచ్చి సంతకం పెట్టాలట, పని దగ్గర కూడా ఆయనే నిలబడాలట. మీ బావని ఎలా తీసుకెళ్లను? నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పర్మిట్ ఆఫీసులో ఆయన్ని అలా చూశారంటే గోడమీది కాగితం ఆ పూటే పీకేస్తారు. పరీక్ష రాసి నీ పేరున ఒకటి తెచ్చుకోరా అని ఎన్నేళ్లు మొత్తుకున్నాను? రేపు, ఎల్లుండి, వచ్చే ఏడు..."

"ఆ పురాణం ఇప్పుడా? నంబరు!"

"చేస్తున్నాను, నేనే చేస్తున్నాను. స్పీకర్లో పెడతాను. నువ్వు నోరెత్తకు. హీటరు ఎలా ఉందండీ అని మామూలుగా అడుగుతాను."

"మామూలుగా ఏంటి! ఆపమను. కిటికీలు తీయమను. పిల్లని ఎత్తుకుని బయటికి..."

"ష్! మోగుతోంది."

"ఎత్తు తల్లీ, ఎత్తు..."

"ఎత్తట్లేదు. స్నానాలవీ చేస్తూ ఉంటారు."

"మళ్లీ చెయ్యి."

"చేస్తున్నాను కదా. మోగుతోంది... మోగుతోంది... ఆగిపోయింది. అసలు వెలిగించే ఉండరులే. ఇవాళ అంత చలేం లేదు."

"నిన్న సాయంత్రం నేనే చెప్పాను. అతుకులకి పూసింది ఆరాలి, పొద్దున్న ఎనిమిదింటికి వెలిగించుకోండి అన్నాను. ఆ తల్లి గోడ గడియారం చూసి, సరిగ్గా ఎనిమిదింటికేనా అని అడిగింది. పిల్లకి జలుబట. ఒక్క రాత్రి ఎలాగో ఓర్చుకుంటాం అంది. గాలి రాకుండా కిటికీ సందుల్లో కాగితాలు కుక్కారక్కా. నేను చూసి, బాగా కుక్కారు అని మెచ్చుకున్నాను కూడా."

"పొగ నిండితే తెలియదా? దగ్గొస్తుంది, లేచి తలుపు తీస్తారు."

"దగ్గు రాదు. వాసన రాదు. కంటికి కనపడదు. తల బరువెక్కుతుంది, నిద్రొస్తుంది, అంతే. రాత్రంతా ఏడ్చిన పిల్ల ఇప్పటికి హాయిగా పడుకుందని సంబరపడి, వాళ్లూ పక్కనే ఒరుగుతారు."

"ఆపరా!"

"ఎనిమిదికి వెలిగిస్తే రెండున్నర గంటలైంది. ఫైర్ ఆఫీసుకి చేస్తాను, ఇటివ్వు."

"ఆగు."

"ఆగడానికేముంది ఇంకా?"

"ఒక్క నిమిషం. నువ్వే బండి మీద వెళ్తే?"

"నలభై నిమిషాలు పడుతుంది. అందుకే కదా ఫోన్ చేద్దామని ఇటొచ్చాను."

"ఫైర్ వాళ్లకి ఏమని చెప్తావు? ఎవరు బిగించారు అంటారు. నీకు లైసెన్సు లేదు. ఎవరి లైసెన్సు మీద బిగించావు అంటారు. పర్మిట్ ఏదంటారు. జైలురా ఇది! నీకూ, మీ బావకీ. ఆ మనిషి జైల్లో రెండ్రోజులు బతకడు."

"పేరు చెప్పను. దారినపోయేవాణ్ణి అంటాను."

"దారినపోయేవాడికి గొట్టంలో గుడ్డ ఉందని ఎలా తెలిసిందంటే? మన నంబరు వాళ్లకి కనపడదా? వీధి చివర కొట్లో ఫోన్ అడుగు. గొంతు మార్చి మాట్లాడు."

"నువ్వేం మాట్లాడుతున్నావో నీకు తెలుస్తోందా అక్కా? మూడు నెలల పిల్ల."

"తెలుసురా! తెలియదనుకున్నావా? భయమేస్తోంది, నోటికొచ్చింది వాగుతున్నాను. మీ బావని అడుగుదాం. ఆయనకి తెలుస్తుంది. గుడ్డ అలాగే ఉన్నా ఏ సందులోంచో పొగ పోతుందేమో."

"పోదు. సందు లేకుండా బిగించేది అందుకే."

"ఆయన్ని అడుగుదాం అన్నానా!"

"అయితే లేపు. త్వరగా."

"ఏమండీ! ఏమండీ, ఒకసారి ఇలా రండి! పలకరే... మాత్ర వేసుకుంటే ఇంతే, ఒళ్లు తెలియదు. ఏడింటికి మాత్ర ఇచ్చి తలుపు దగ్గరగా వేశాను."

"నువ్వెళ్లి చూడు, ఈలోపు నేను..."

"ఆ ఫోన్ ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే! ఏమండీ... ఏమండీ!"

"అక్కా? ఏంటి, అలా నిలబడిపోయావు?"

"లేడు."

"లేడేంటి? పెరట్లో చూడు."

"పెరటి తలుపు తీసుంది. చెప్పులు లేవు. చేతికర్ర లేదు."

"బావ ఫోన్‌కి చేస్తున్నాను... అదేంటి, ఇంట్లోనే మోగుతోంది?"

"దిండు కిందుందిరా. వదిలేసి పోయాడు."

"గడప దాటి ఆర్నెల్లైంది. ఎక్కడికెళ్తాడు? అక్కా, ఇటు చూడు. రాత్రి ఏమైనా అన్నాడా?"

"ఏమంటాడు? ఏమీ అనలేదు. అన్నం తింటూ ఏదో అడిగాడు."

"ఏమడిగాడు?"

"ఇన్‌స్పెక్టరు వచ్చాడా అన్నాడు. వచ్చాడు అన్నాను."

"ఇంకా?"

"గుడ్డ ఎవరు తీశారు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నాకేం తెలుసురా మీ గుడ్డల సంగతి! మా తమ్ముడే తీసి సంచీలో పెట్టుకున్నాడు అన్నాను. తమ్ముడు తీశాడా, ఇన్‌స్పెక్టరు కాదా అన్నాడు. ఎవరు తీస్తే ఏంటండీ, తినండి అన్నాను. కంచంలో సగం అలాగే వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాడు. ఇల్లెక్కడ అని అడిగాడు. నేనే చెప్పానురా. రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు."

"నాకు అప్పుడే ఒక్క ముక్క ఫోన్ చేసి ఉంటే..."

"చేస్తే నువ్వూ నేనూ అబద్ధమాడామని ఆయనకి తెలిసిపోతుందనుకున్నాను. తెలియనే తెలిసింది."

"అక్కడికే వెళ్లాడు. ఏ ఆటోనో పట్టుకుని ఉంటాడు."

"తలుపు కొడతాడు. తీయకపోతే తోసుకుని లోపలికి పోతాడు, ఆయన ఆగే రకం కాదు. మామూలు గాలే చాలట్లేదురా ఆయనకి! ఆ గదిలోకి వెళ్తే రెండు నిమిషాలు..."

"ఫోన్ ఇటివ్వక్కా."

"నువ్వు జరుగు!"

"పేరు చెప్పొద్దన్నావు..."

"జరగరా! హలో, ఫైర్ ఆఫీసా? అయ్యా, పాత గోదాముల వెనక వీధి, చివరిల్లు, నీలం గేటు. గ్యాస్ హీటరు పొగగొట్టంలో గుడ్డ ఉండిపోయింది. లోపల పసిపిల్ల ఉంది. మొగుడూ పెళ్లాం ఉన్నారు. మా ఆయన కూడా ఉన్నాడయ్యా, గుండె జబ్బు మనిషి..."

"నెమ్మదిగా చెప్పండమ్మా. గుడ్డ ఉందని మీకెలా తెలుసు? మీరెవరు?"

"బిగించింది మేమే. నేనే చేయించాను, మా తమ్ముడు బిగించాడు. పర్మిట్ లేదు. దొంగతనంగా చేశాం. లైసెన్సు మా ఆయనది, ఆయనకి ఈ సంగతే తెలియదు. నంబరు రాసుకోండి, నాలుగు సున్నా ఏడు ఒకటి. రేపు జైల్లో పెట్టండి, కాదనను. ముందు బండి పంపండి!"

"ఏ నంబరన్నారు?"

"నాలుగు సున్నా ఏడు ఒకటి. రాసుకుంటూ కూర్చోకండయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను!"

"అమ్మా, అమ్మా, ఏడవకండి. బండి గంట కిందటే వెళ్లింది. పిల్లతో సహా అందరూ బయటే ఉన్నారు, ప్రాణాలతోనే ఉన్నారు."

"ఎవరు... ఎవరు పిలిచారండీ?"

"ఒక పెద్దాయన, పక్కింటి ఫోన్ నుంచి. మాట్లాడలేక రొప్పుతున్నాడు, అయినా పేరు అడక్కముందే ఈ లైసెన్సు నంబరే చెప్పాడు. పర్మిట్ లేకుండా హీటరు బిగించింది తానొక్కడేననీ, ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదనీ రాయించాడమ్మా."