మేం పెన్ను పట్టని గది

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పనులన్నీ మానుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్న మా ఆడపడుచుకు, ఎప్పుడు వదులుతారా అని వెనక నుంచి చూస్తున్న విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు) రిటైరవుతున్నానని ఇంతసేపూ నన్ను పొగిడారు, సంతోషం. వింటుంటే ఆ మహా మనిషెవరో ఒకసారి చూడాలనిపించింది.

మన రైటింగ్ సెంటర్ అంటే మెట్ల కింద గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. పిల్లలు వ్యాసమో, ప్రాజెక్టు రిపోర్టో పట్టుకొచ్చి, "మేడమ్, కాస్త దిద్దిపెట్టండి, గంటలో ఇచ్చేయాలి" అంటారు. మేం దిద్దం. "చదువు, వింటాను" అంటాం. మేం పెన్ను పట్టకూడదన్నది ఆ గదిలో నియమం. వాళ్ళు విసుక్కుంటూ పైకి చదువుతారు, మూడో వాక్యం దగ్గర ఆగి, "ఇదేంటి, ఇలా రాశానా?" అని వాళ్ళే తల గోక్కుంటారు. మన ఫిజిక్స్ మాస్టారు నన్ను 'జీతం తీసుకుని కథలు వినే ఆవిడ' అనేవారు. ఆయనే తన పరిశోధన పత్రం తెచ్చి, తలుపు వేసి మరీ చదివి వినిపించిన సంగతి నేనెవరికీ చెప్పను. (నవ్వులు)

ఆ నియమం ఒక్కసారి తప్పాను. ఒకమ్మాయి వాళ్ళ నాన్న గురించి రాసుకొచ్చింది. ఆయన లారీ డ్రైవరు. పోటీకి గడువు ఆ సాయంత్రమే. ఆగలేక చివరి పేరా మొత్తం నేనే రాసేశాను. మొదటి బహుమతి వచ్చింది. ఇదే వేదిక మీద చదవమంటే సరిగ్గా ఆ పేరా దగ్గర ఆగిపోయింది. దిగి నా దగ్గరికొచ్చి, "మా నాన్న ఇలాంటి మాటలు అనరు మేడమ్. ఎదురుగా కూర్చున్నారు, ఎలా చదవను?" అంది. మళ్ళీ మా గది గుమ్మం తొక్కలేదు. పదకొండేళ్ళయింది. క్షమించమనడానికి నాకు నోరు రాలేదు.

వచ్చే నెల నుంచి గది బయట పెట్టె పెడతారట. పొద్దున కాగితాలు వేస్తే సాయంత్రానికి దిద్ది ఇస్తారట. ప్రిన్సిపాల్ గారూ, మీ మాటకు అడ్డు చెప్పడం నాకిదే మొదటిసారి. దయచేసి ఆ పెట్టె వద్దు. పెట్టెకు ఎవరూ చదివి వినిపించరు. చదవకపోతే ఏ మాట తమది కాదో వాళ్ళకు తెలిసే దారి లేదు. నేను ఒక్కసారి చేసిన తప్పు రోజూ జరుగుతుంది.

ఇవాళ పొద్దున బీరువా సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చింది. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. తప్పు నాదని చెప్పాను. ఎదుటి కుర్చీలో కూర్చుని, "చివరి పేరా నేను రాశాను, వింటారా?" అంది. రెండే వాక్యాలు. 'నాన్న ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతారు. తిన్నానంటే పెట్టేస్తారు.'

నేను అంత పెద్ద పేరా రాశాను కానీ, ఆయన అందులో ఎక్కడా లేరు. విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు తీసుకుంటాను.