బాత్రూమ్ ఉన్న ట్రైలర్

జోర్డాన్ లేక్ క్యాంప్‌గ్రౌండ్‌లో మా పక్క సైట్‌కి, కారు వెనక తగిలించుకుని లోపలే పడుకునే కొత్త ట్రైలర్‌తో వచ్చిన భార్యాభర్తలు పొద్దున్నే కాఫీ తాగుతున్నారు. మేమూ తెలుగువాళ్లమేనని వాళ్లకింకా తెలియదు.

“టవల్ తీసుకుని ఎక్కడికి?”

“స్నానానికండీ. ఆ చివర బాత్‌హౌస్ ఉందిగా.”

“ట్రైలర్‌లో షవర్ పెట్టుకుని అంత దూరం నడుస్తావా?”

“దాంట్లో మోచేతులు గోడకి తగులుతున్నాయి.”

“నిన్న సాయంత్రం కూడా అక్కడికే వెళ్లావు.”

“అలవాటైపోయింది. మన పాత మడత ట్రైలర్, ఆ పాప్-అప్‌లో ఇన్నేళ్లూ అలాగే గడిపాం కదా.”

“లోపల బాత్రూమ్ లేకపోతే ఇంక క్యాంపింగ్‌కే రానన్నావు. అందుకేగా పాప్-అప్ అమ్మేసి ఈ హైబ్రిడ్ ట్రైలర్ కొన్నాం.”

“అన్నాను. కాఫీ చల్లారిపోతోంది, తాగండి.”

“పాప్-అప్‌కి పైకప్పు లేపాలంటే క్రాంక్ తిప్పీ తిప్పీ చెయ్యి పడిపోయేది. దీనికి ఆ బాధ లేదు. రెండు చివర్లా మంచాలు దించుకుంటే చాలు.”

“అవునా? నేనది చూళ్లేదు.”

“నా భుజం ఆపరేషన్ అయ్యాక క్రాంక్ నేను తిప్పుతానని ఎంత బతిమాలావు. నేనే ఇవ్వలేదు.”

“అది మీ పని కదా మరి.”

“భుజం కోసం ట్రైలర్ మారుద్దామని నువ్వు అనుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. క్యాంపింగే మానేసేవాణ్ణి.”

“తెలుసు.”

“ఆ టవల్ ఇలా ఇవ్వు. బాత్‌హౌస్ దాకా నేనూ వస్తాను.”

“ఆ చేత్తో కాదు. ఎడమ చేత్తో పట్టుకోండి.”