పది నిమిషాలకోసారి

కోళ్ల హేచరీలో ఆఫీసు గది, మధ్యాహ్నం మూడు గంటలు. కంప్యూటరు ముందు, దానికి స్క్రిప్టు రాసిన అమ్మాయి. ఎదురుగా, గుడ్లు పొదిగే యంత్రాన్ని ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్న ఆపరేటరు. ఇద్దరి మధ్యా సంతకం పడని కాగితం.

"ఇంకెన్నిసార్లు చదువుతారు బాబాయ్?"

"బాబాయ్ అనకు. సంతకం కావలసొచ్చినప్పుడే నీకు బాబాయినవుతాను."

"సరే, అనను. నాలుగింటికి మేనేజరుగారొస్తారు. ఆలోగా సంతకం పెడితే మీరే ఉద్యోగం మానుకున్నట్టు రాస్తామన్నారు. పెట్టకపోతే తీసేసినట్టు రాస్తారట. పన్నెండు వేల గుడ్లు. ఎల్లుండి పిల్లలు దిగాల్సినవి. ఒక్కటీ మిగల్లేదు."

"మిగల్లేదని నాకు చెప్తున్నావా? ట్రేలు బయటికి మోసింది నేను."

"తలుపు బార్లా తీసి మర్చిపోయిందీ మీరేనని, చల్లబడి గుడ్లు పోయాయని ఇందులో ఉంది."

"తీశాను. మర్చిపోలేదు. నిన్న రెండింటికి డ్యూటీకి వచ్చేసరికి ఫ్యాను ఆగిపోయి ఉంది. లోపల ఉడికిపోతోంది. తియ్యక చేతులు కట్టుకుని నిలబడమంటావా? తీసిన కాసేపటికి దానంతటదే తిరిగింది. ఆ మోటారు అంతే. వేడెక్కితే ఆగుతుంది, చల్లారితే తిరుగుతుంది."

"నిన్న అసలు ఆగలేదు. మీరే చూడండి. పదకొండూ పది, రన్నింగ్. పదకొండూ ఇరవై, రన్నింగ్. పన్నెండు, ఒంటిగంట, రెండు. అన్నీ రన్నింగే."

"ఇవి ఎవరు రాశారు?"

"మనుషులెవరూ రాయలేదు. స్క్రిప్టు రాసింది."

"ఆ స్క్రిప్టునెవరు రాశారు?"

"నేనే. అంటే?"

"అంటే ఏం లేదు. అడిగాను."

"నిన్న రాత్రికి రాత్రి నేను మార్చేశానంటున్నారా?"

"నేనేమీ అనలేదు. నువ్వే అన్నావ్."

"నాకేం అవసరం?"

"అది తప్పయితే నీ ఉద్యోగం పోతుంది. అది ఒప్పయితే నాది పోతుంది. ఎవరికేం అవసరమో లెక్క తేలడానికి పెద్ద చదువు అక్కర్లేదు."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"అదేం చేస్తుందో చెప్పు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నాది ఊళ్ళో బడి చదువు, ఎనిమిదో తరగతి."

"యంత్రం పక్కన కంట్రోలరు పెట్టె ఉంది కదా. దాన్నుంచి ఈ కంప్యూటరుకి వైరుంది. ఈ నల్లటి తెర తెరిచి నేను ప్రశ్న టైపు చేస్తే ఆ పెట్టె జవాబిస్తుంది. పది నిమిషాలకోసారి కూర్చుని టైపు చెయ్యడం నావల్ల కాదు కదా. స్క్రిప్టు నా బదులు చేస్తుంది. పెట్టె పేరడిగితే పేరు కొడుతుంది, పాస్‌వర్డ్ అడిగితే పాస్‌వర్డ్ కొడుతుంది, తర్వాత ప్రశ్న కొడుతుంది. తెర మీదికి వచ్చినదాంట్లో రన్నింగ్ అన్న మాట ఉందా అని వెతుకుతుంది. ఉంటే ఇక్కడ రాసుకుంటుంది. లేకపోతే గంట మోగిస్తుంది."

"గంట ఎప్పుడైనా మోగిందా?"

"పెట్టిన రోజు మోగింది. మేనేజరుగారి ముందే మోగించి చూపించాను."

"ఫ్యాను ఆపి చూపించావా?"

"వైరు పీకి చూపించాను."

"ఫ్యాను ఎందుకు ఆపలేదు?"

"ఆపుతానంటే ఒప్పుకోనిది మీరే. లోపల గుడ్లున్నాయి, నా ప్రాణం పోయినా ఆపనివ్వను అన్నారు. గుర్తులేదా?"

"అన్నానేమో."

"అన్నారు. ఆ యంత్రం ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండదు, ఇంకెప్పుడు ఆపను?"

"ఇవాళ ఖాళీగా ఉంది."

"ఇవాళా?"

"ఎందుకు తడబడతావ్? పద, ఆపుదాం."

"మీరు వెళ్లి ఆపండి."

"నేను ముట్టుకోను. ముట్టుకుంటే ఇంకో కాగితం పుట్టిస్తారు. స్విచ్చి నువ్వే కట్టెయ్యి. నేను ఈ అద్దంలోంచి చూస్తూ ఉంటాను."

"నేను అటు వెళ్లగానే ఈ కంప్యూటర్లో మీరు..."

"నాకు దీని మూతెక్కడో కూడా తెలీదమ్మా. వెళ్లు."

"సరే. ఇదిగో, కట్టేశాను. వినపడుతోందా?"

"రెక్కలు నిలబడ్డాయి. వచ్చి కూర్చో. నీ స్క్రిప్టుని అడగమను."

"పది నిమిషాలు ఆగక్కర్లేదు, నేనే నడుపుతాను. పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది. ప్రశ్న వెళ్లింది. అదిగో..."

"ఏమంటోంది?"

"ఉండండి. ఇంకోసారి నడుపుతాను."

"ఏమందని అడిగాను."

"రన్నింగ్ అంది."

"రెక్కలు ఇక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవచ్చు. కావాలంటే లేచి చూడు."

"కనపడుతోంది. ఆగండి. స్క్రిప్టు వద్దు, నా చేత్తో నేను అడుగుతాను. ... ఆగిపోయిందనే చెప్తోంది. స్టాప్డ్ అంటోంది."

"అంటే పెట్టె నిజమే చెప్తోంది."

"చెప్తోంది."

"మధ్యలో నీ స్క్రిప్టు మింగేస్తోంది."

"మింగడం కాదు, ఎక్కడో..."

"తెర మొత్తం చూపించు. అది చూసేదంతా నాకు చూపించు. ఈ పై వరుసేంటి?"

"అది మనం కొట్టిన ప్రశ్న. మనం ఏం కొడితే అది పెట్టె తిరిగి తెర మీద చూపిస్తుంది. లేకపోతే మనమేం కొట్టామో మనకే తెలీదు కదా."

"కింది వరుస?"

"అది జవాబు. స్టాప్డ్."

"పై వరుసలో చివరి మాట చూడు. నీ చిట్టాలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఉన్న మాటలాగే ఉంది. అక్షరాలు అవే."

"ప్రశ్నలోనే రన్నింగ్ అని ఉంది. ఫ్యాను రన్నింగా అని అడుగుతోంది. ఆ మాట పైవరుసలోనే దొరికిపోతోంది. కింది వరుస దాకా అది వెళ్లట్లేదు."

"నీ ప్రశ్న నీకే వినపడితే అదే జవాబనుకున్నావు."

"అవును."

"ఎన్నాళ్లుగా?"

"పెట్టిన రోజు నుంచి. రెండేళ్లు. బాబాయ్, నేను కావాలని..."

"ఇప్పుడు నాలిక్కి రుచిగా ఉందా ఆ పిలుపు? రాయి. మేనేజరుకి ఇప్పుడే రాయి. రెండేళ్ల రికార్డూ చెత్తని రాయి."

"రాస్తున్నాను. నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుంటాను. ఈ కాగితం చించేస్తాను."

"చించకు. అక్కడే ఉండనీ. వచ్చి ఆయన కళ్లతో ఆయన చదువుకోవాలి."

"సరే. రెండేళ్ల రికార్డూ నమ్మొద్దు అని రాశాను. దీన్ని పట్టుకుని ఇంకెవర్నైనా తీసేశారా అని అడుగుతారు. పాత ఫైళ్లు కూడా చూసి..."

"అదంతా ఎందుకు? నిన్నటిది రాయి, చాలు."

"ఇప్పుడేగా రెండేళ్లదీ రాయమన్నారు."

"అన్నాను. వద్దంటున్నాను."

"నిన్నటిదొక్కటే తప్పని ఎలా రాస్తాను? స్క్రిప్టు ఒకటే కదా. ఇదిగో, ఉంది. ఏడాదిన్నర కిందట, ఇదే యంత్రం. ఎనిమిది వేల గుడ్లు. రెండో షిఫ్టు ఆపరేటరూ అచ్చం మీలాగే చెప్పాడు. నేను వచ్చేసరికి ఫ్యాను ఆగిపోయి ఉందండీ, అన్నాడట. రికార్డు చూసి అబద్ధమన్నారు. తీసేశారు."

"తెలుసు."

"ఆయన మీకు తెలుసా?"

"మా ఆవిడ తమ్ముడు."

"అయితే ముందు ఆయనకి ఫోన్ చెయ్యండి. నంబరు చెప్పండి, నేనే చేస్తాను, క్షమించమని అడుగుతాను."

"నా దగ్గర లేదు."

"మీ ఆవిడ దగ్గరుంటుందిగా."

"ఆవిడ పోయి పది నెలలయింది."

"అయ్యో. నాకు తెలీదు."

"నీకెందుకు తెలియాలి."

"ఆయన వచ్చారా, అప్పుడు?"

"వచ్చాడు. గుమ్మంలోంచే పంపేశాను. ఎనిమిది వేల ప్రాణాలు తీసి, ఫ్యాను మీదికి నెట్టినవాడు నా ఇంట్లో అడుగు పెట్టడానికి వీల్లేదన్నాను."

"అక్కని చూసుకోనివ్వలేదా?"

"లేదు."

"ఆవిడ ఉన్నప్పుడు ఏమనేవారు?"

"ఒకటే మాట. వాడు అబద్ధమాడడు, అని. నాదీ ఒకటే మాట. యంత్రం ఆడదు, అని. చివర్లో ఆవిడ అనడం మానేసింది. నాతో మాట్లాడ్డమే మానేసింది."

"మీ తప్పేముంది బాబాయ్. తప్పు నాది. రికార్డు చూసి అందరూ నమ్మారు, మీరూ నమ్మారు."

"ఫైలు మూసెయ్యి ఇంక."

"ఒక్క నిమిషం. ఇందులో రికార్డొక్కటే కాదు, సాక్షి కూడా ఉన్నాడు. ఫ్యాను తిరుగుతుండగా తలుపు తెరిచి ఉండటం, ఆపరేటరు అక్కడ లేకపోవడం కళ్లారా చూశానని రాసిచ్చాడు."

"మూసెయ్యమన్నాను."

"కింద సంతకం... ఇది మీది."

"నాదే."

"అయితే ఇది వేరే కేసే. రికార్డు తప్పయినా మీరు చూసింది ఉంది కదా. ఆయనది నిజంగానే తప్పన్నమాట. అలాగే రాస్తాను. మీరు చూశారు కదా?"

"అలా రాయకు."

"బాబాయ్, చూశారు కదా?"

"ఆ పూట నేను ఆ గదిలోకే వెళ్లలేదు. ఫ్యాను తిరుగుతోందని నీ స్క్రిప్టు రాసింది. ఇంక నేను చూసేదేముందని సంతకం పెట్టాను."