మంగళవారం ఎత్తిన చేతులు

(ఇందుకూరుపేట దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీ. గేటు బయట టీ బంకు. బంకు దగ్గర, లోపల పీలింగ్ షెడ్డులో రొయ్యలు వలిచే ప్రేమలీల, చెంచమ్మ కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఎదురుగా యూనియన్ సెక్రటరీ సమాధానం.)

“ఫీలింగు తీసేస్తుండారా? ఎవరికన్నా, మేనేజరుకా? ఆయనకు ఎప్పుడుండిందని!”

“ఫీలింగు కాదు ప్రేమలీలా, పీలింగు. మీ సెక్షను. వచ్చే నెల నించి రొయ్యలు మిషనే వలుస్తాది.”

“మరి మేము?”

“మీరు... అదే చెప్తుండా. టీ తాగు ముందు.”

“నీ పేరు సమాధానం గదన్నా. చెప్పు.”

“పేరు పెట్టిన పాస్టరు గారిని అడగాల. తల్లీ, పొట్టు తీసే మిషనొచ్చి మన పొట్ట కొట్టింది. అంతే.”

“జోకులాపు. చర్చలకు పోయింది నువ్వు. ఒప్పుకుంది ఎవరు?”

“మీరే. మంగళవారం షెడ్డులో అందరూ చేతులెత్తినారు. మేనేజరు ఫోన్లో వీడియో ఉండాది.”

“చెంచమ్మక్కా! మా అమ్మను ఆసుపత్రికి తీసకపోయిన ఒక్క పూటలో అందరూ కలిసి చేతులెత్తేసినారా?”

“నేనెందుకు ఎత్తుతానే? నా బిడ్డల కాలేజీ దీని మీదే గదా!”

“వీడియోలో ఉండావంట గదక్కా.”

“ఉండు... మంగళవారం... ఎత్తిన మాట నిజమేమ్మే. గ్లవ్సు చూపించేదానికి!”

“గ్లవ్సా?”

“రోజూ ఎత్తేదే గదే. సూపర్‌వైజరు ‘చేతులు!’ అని కేకేస్తే రొయ్య పడేసి రెండూ పైకెత్తమా, చిరుగుందేమో చూసేదానికి? ఆ రోజూ అట్టనే. చెవుల మీద టోపీ, మూతికి గుడ్డ, పక్కన ఐసు మిషను రొద. మేనేజరు ముందర నిలబడి ఏందో గొణిగినాడు. వెనక నించి ‘చేతులు!’ అని కేక. ఎత్తినాం.”

“రెండు చేతులూనా?”

“రెండూ.”

“ఒప్పుకునేదానికి ఒక చెయ్యి చాలదా సమాధానమన్నా?”

“అది... సంతోషం పట్టలేక ఎత్తినారేమో అనుకున్నా.”

“అన్నా!”

“సరే, సరే. ఏదో పొరపాటు జరిగుండచ్చు.”

“నా మొహం చూసి చెప్పు. కప్పులో ఏముండాది? ఆ కేకేసింది ఎవరు? మేనేజరుకు తెలుగులో రెండు ముక్కలు రావు.”

“ఆ రొదలో నాకేం తెలుసు? సూపర్‌వైజరేమో.”

“ఆయన మంగళవారం సెలవు గదయ్యా. ముందురోజే మాకు జీడిపాకం పంచి మరీ పోయినాడు, కూతురి పెళ్ళిచూపులని.”

“అయితే ఇంకెవరో. వదిలెయ్ చెంచమ్మా.”

“మీ నవోమి ప్యాకింగులోనే గదా. ప్యాకింగులో ఎవురినీ తియ్యరంట, నిజమేనా?”

“మా ఆవిడ ఊసెందుకిప్పుడు?”

“ఊరికే అడిగినా.”

“అక్కా, అదిగో, షిఫ్టు వదిలినారు. అన్నా, వాళ్ళందరికీ నువ్వే చెప్పు. గ్లవ్సు చెకింగును ఓటు కింద చూపించినారు, ఆ ఒప్పందం చెల్లదని చెప్పు.”

“నేనా?”

“సెక్రటరీ నువ్వే గదా!”

“అక్కలారా... చెల్లెళ్ళారా... ఇట్రాండి. మంగళవారం ఒక చిన్న...”

“వినపడలా! గట్టిగా చెప్పన్నా!”

“పొరపాటు జరిగినాది! మీరు చేతులెత్తింది గ్లవ్సు చూపించేదానికి, మిషనుకు ఒప్పుకొని కాదు! ఎవరో వెనక నించి... ‘చేతులు!’ అని...”

“ఏందిబ్బా ఇది? అందరూ ఎత్తేసినారు! గ్లవ్సు కూడా లేవు గదక్కా!”

“నావీ లేచినాయి ప్రేమా. వాటంతటవే లేచినాయి. మంగళవారం విన్నదీ ఈ గొంతేమ్మే.”

“దించండమ్మా... అవును, నేనే. దించండి.”